రంపానికి కొత్త స్విచ్చి

ప్రశ్నతో వచ్చినవాడి చేతికి చెక్క రెండో కొస అందించడం మౌనాచారి గారి అలవాటు. ఆదోనిలో ఆయన కార్ఖానాకు తలుపుల పనిలోనూ కిటికీల పనిలోనూ మంచి పేరుండేది. సాయంత్రం పని ముగిశాక అదే కార్ఖానాలో రంపపు పొట్టు ఊడ్చి, చాపలు పరిచి, చుట్టూ చేరిన పదిమందికి, కదలనిదే సత్యమనే అచల తత్వం చెప్పేవారు. అలా అని అక్కడ ఉపన్యాసాలేవీ ఉండేవి కావు. ఎవరైనా ఆత్రం ఆగక పగటిపూటే వచ్చి "స్వామీ, మనసు నిలవడం లేదు" అని మొదలుపెడితే, "సరే, ఈ కొస పట్టుకో" అనేవారు. పట్టుకున్నవాడు చిత్రిక పట్టడం అయ్యేదాకా వదలకూడదు. చాలామంది ప్రశ్నలు ఆ చెక్క బరువుకే తీరిపోయేవి. నేను పత్తి మార్కెట్లో కాటా గుమస్తాని. తూకం లేకుండా మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందుకే ఆ తక్కువ మాటల మనిషి దగ్గర చేరాను. తక్కువ మాటల మనిషితో వేగడం అంతకంటే కష్టమని చేరిన తర్వాతే తెలిసింది.

ఆయన దగ్గర పనీ తత్వమూ రెండూ నేర్చుకుంటున్నవాడు ఉరుకుందు. ముప్పై దాటని వయసు, పని పట్టాడంటే అతుకు ఎక్కడుందో కనిపించదు. వీధిలో అతన్ని వేలెత్తి చూపినవాళ్లు లేరు. కోపమంతా ఇంట్లోనే. దాన్ని మోసింది భార్య నాగవేణి. మొదట ఒకసారి ఆమె పడలేక ఆలూరులో పుట్టింటికి వెళ్లిపోతే, మౌనాచారి గారే కబురు పెట్టారు. "రా తల్లీ, వాడు మారినాడు, నేను చెప్తాండా" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె వచ్చింది. వచ్చిన నెల తిరక్కుండానే చారులో ఉప్పు గురించో, ఆరేసిన చొక్కా గురించో మాట మీద మాట పెరిగింది. ఉరుకుందు స్టీలు చెంబు తీసుకుని విసిరాడు. కనుబొమ చిట్లింది. ఆమె ఆస్పత్రిలో కుట్లు వేయించుకుని, ఇంటికి కూడా రాకుండా అటునుంచి అటే ఆలూరు బస్సెక్కింది.

అదంతా జరిగి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఉరుకుందు మారిన తీరు చూసి మేమంతా మెచ్చుకున్నాం, నేనైతే ఇంకొంచెం ఎక్కువే మెచ్చుకున్నాను. కార్ఖానా వెనక గదిలోనే ఉండేవాడు, తనే వండుకునేవాడు, సాయంత్రం బోధలో అందరికంటే ముందు కూర్చునేవాడు. కొలత తప్పు చెప్పి తలుపు చెడగొట్టించిన షావుకారు ఎదురు తిరిగి నానా మాటలూ అంటే, నవ్వుతూ ఇంకో తలుపు చేసి ఇచ్చాడు. ఒక్క విషయంలో మాత్రం నిలవలేకపోయేవాడు. రోజూ ఏదో ఒక వేళ మౌనాచారి గారి ముందుకు వచ్చి, చేతులు నలుపుకుంటూ ఒకటే మాట అడిగేవాడు. "స్వామీ, నా కోపం పోయింది. ఏడాది పైన అయింది, గట్టిగా ఒక మాట అని ఎరగను. పోయిందని మీరు ఆలూరుకు కబురు చెయ్యండి." ఆయన ముఖంలోకి చూసి, "ఈ కొస పట్టుకో" అనేవారు. అతను పట్టుకునేవాడు. చెక్క పనైపోయేది, అతని ఆరాటం మాత్రం అలాగే ఉండేది. రాత్రిళ్లు వెనక గదిలో కాలుకాలిన పిల్లిలా తిరిగేవాడని పక్కింటివాళ్లు చెప్పుకునేవారు.

నాగవేణి అన్న బసవరాజు ఒకసారి వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఆలూరులో సైకిళ్ల షాపు. బావమరిదిని పలకరించి, మౌనాచారి గారి దగ్గర కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "పెద్దమనుషులు పిలిస్తే రాదంట. నేను పొమ్మంటే పోదంట. ఈయన వచ్చి కాళ్లు పట్టుకున్నా రాదంట. 'బయట ఆయన ఎప్పుడూ బంగారమే' అంటాది. స్వామి చెప్తే మాత్రం వస్తానంటాది."

"పోయినసారి కూడా నేనే చెప్పితి గదప్పా" అన్నారు మౌనాచారి గారు.

"అదే మాట నేనూ అడిగినా స్వామీ. 'అప్పుడు స్వామి తెలీక చెప్పినాడు. ఈసారి తెలుసుకొనే చెప్తాడు' అనె."

ఆయన చేతిలోని ఉలి కింద పెట్టేశారు. ఆ పూట అన్నం ముట్టలేదని వాళ్లింట్లోవాళ్లు తర్వాత చెప్పారు. నిజం చెప్పాలంటే నాకు ఆ అమ్మాయి మీదే కోపం వచ్చింది. ఇన్ని చూసీ ఇంత నమ్మకం పెట్టుకుంటే ఎదుటివాడు ఎలా మోస్తాడు? బసవరాజు సోమవారం మళ్లీ వస్తానని, ఏ మాటైనా ఆ రోజు పట్టుకుపోతానని చెప్పి వెళ్లాడు. అప్పటినుంచి ఉరుకుందు అడగడం రోజుకోసారి కాస్తా గంటకోసారి అయింది.

ఈ ఆరాటం మధ్యలో రంపం మిషను స్విచ్చి కాలిపోయింది.

ఆ రంపం గురించి కొంచెం చెప్పాలి. ఇనప బల్ల, దాని నడుమ చీలికలోంచి పైకి లేచిన పళ్ల చక్రం, కింద మోటారు. బల్ల కాలికి ఒక పాతకాలపు ఇనప పెట్టె, దానికో పిడి. పిడి కిందికి లాగితే తిరుగుతుంది, పైకి ఎత్తితే ఆగుతుంది. ఆ వీధిలో కరెంటు పోవడం, రావడం ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. అందుకని కరెంటు పోయినా ఆ పిడి ఎత్తకుండా వదిలేయడం కార్ఖానాలో ముందునుంచీ వస్తున్న పద్ధతి. పనివాళ్లంతా ఎదురుగా టీకొట్టులో కూర్చునేవాళ్లు. కరెంటు రాగానే రంపం దానంతటదే గుర్రుమనేది, వీళ్లు గ్లాసులు దించి లేచేవాళ్లు. వీళ్లే కాదు, వీధి మొత్తానికి అదే గంట. రంపం మోగిందంటే ఆడవాళ్లు నీళ్ల మోటార్లు వేసేవాళ్లు, పిండిమర ముందు డబ్బాలు వరస కట్టేవి. కరెంటు లేనప్పుడు బల్ల దరికి ఎవరూ పోకూడదని ఒక కట్టడి మాత్రం ఉండేది. ఒకసారి బల్ల మీద మరిచిన టేకు ముక్క, కరెంటు రాగానే ఎగిరి రోడ్డు దాటి టీకొట్టు రేకును సొట్టబెట్టింది. ఆ సొట్టను కొట్టువాడు వచ్చినవాళ్లకల్లా చూపించి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

ఆదివారం మౌనాచారి గారు ఉరుకుందును పిలిచి, "స్విచ్చి కొనుక్కొద్దాం పద. ఏది కావాల్నో నువ్వే చూడు" అన్నారు. మార్కెట్ లేని రోజు కాబట్టి నేనూ వెంట వెళ్లాను. వీధి దాటేలోపే ఇద్దరు ఆడవాళ్లు గుమ్మాల్లోంచి, "స్వామీ, పాత రకమే ఏయించండి. మాకు కరెంటు తెలియాల గదా" అని కేకేశారు.

గౌస్ సాహెబు కొట్టులో కరెంటు సామాను తప్ప ఇంకేదీ ఉండదు, కూర్చోడానికి జాగా కూడా. ఆయన మమ్మల్ని నిలబెట్టే రెండు రకాలు చూపించాడు. ఒకటి మా పాతదాని తమ్ముడు, పిడి ఉన్న ఇనప పెట్టె. ఇంకొకటి చిన్నది, దాని ముఖాన ఒక పచ్చ బొత్తాం, ఒక ఎర్ర బొత్తాం.

"ఈ పిడిదానికి ఏం తెలీదు. మీరు ఏసినారంటే ఏసినట్టే ఉంటాది" అన్నాడు గౌస్ సాహెబు. "ఈ బొత్తాలదానికి లోపల చిన్న కాయిలు ఉంటాది. కరెంటు పోయిందంటే టక్కున అదే వదిలేస్తాది. మళ్లా కరెంటు వచ్చినా కదలదు. మనిషి పోయి పచ్చది నొక్కాల్సిందే."

"పోయినప్పుడల్లా నొక్కాల్నా?" అన్నాడు ఉరుకుందు.

"పోయినప్పుడల్లా."

ఉరుకుందు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచాడు. "ఇది అలిగే రకం సాహెబూ. దినానికి పదిసార్లు కరెంటు పోతాది మాకు. పదిసార్లు అలిగితే పదిసార్లు బుజ్జగించేది ఎవరు? పిడిదే ఇయ్యి. ఒకసారి ఏసినామంటే ఇంగ దాని గురించి తలుచుకునే పని ఉండకూడదు."

కొట్టులో ఇంకో బేరగాడు, పల్లె నుంచి వచ్చిన రైతు, "కరెక్టే చెప్తాండావు" అని వంత పాడాడు. బోరు మోటారుకు ఇలాంటి అలిగే స్టార్టరే ఉంటే, నడిరాత్రి కరెంటు వచ్చినా దానంతటదే లేచేట్టు పైన ఇంకో పెట్టె బిగించుకున్నాడట. అది విని ఉరుకుందుకు ఇంకా బలం వచ్చింది. నాకు కూడా అతను చెప్పింది సబబుగానే తోచింది. మౌనాచారి గారు మాత్రం రెండు డబ్బాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తూ నిలబడ్డారు. "సాహెబూ, రెండూ ఇయ్యి. ఒకటి బిగించుకొని ఇంకోటి మంగళారం తిరిగి ఇస్తాం" అన్నారు. గౌస్ సాహెబు ఆయనకు కాదని చెప్పే మనిషి కాదు.

దారిలో ఉరుకుందు స్విచ్చి మాట వదిలేసి మళ్లీ తన మాటే అందుకున్నాడు. "రేపు సోమారం స్వామీ. బసవరాజు బావ వస్తాడు. ఏమని చెప్తారు?" ఆయన డబ్బాలు రెండూ అతని చేతికిచ్చి, "రేపు పొద్దున నీకు నచ్చింది బిగించు" అన్నారు. నడుస్తున్నంతసేపూ అతను ఒక డబ్బాను చంకలోంచి చేతిలోకి, చేతిలోంచి చంకలోకి మారుస్తూనే ఉన్నాడు. చూస్తున్న నాకే విసుగొచ్చింది. మొగుడూ పెళ్లాల మధ్య ఒక్క మాట చెప్పి పంపడానికి ఈయనకు ఇంత బెట్టు దేనికని లోలోపల తిట్టుకున్నాను.

సోమవారం ఉరుకుందు తెల్లవారకముందే లేచి పిడి స్విచ్చి బిగించేశాడు. బాగా బిగించాడు, వంక పెట్టడానికి లేదు. లాగి చూస్తే రంపం గుర్రుమంది, వీధిలో ఎవరో "వచ్చె, వచ్చె" అని నవ్వారు. రెండోదాన్ని డబ్బాలోనే పెట్టి అటక మీద ఉంచాడు. బసవరాజు పది దాటాక వచ్చాడు, భుజానికి సంచి. లోపల చెల్లెలికోసం బజారులో కొన్న గాజులున్నాయని తనే చెప్పాడు. మధ్యాహ్నం మూడున్నర బస్సుకు పోవాలన్నాడు. సంచి పక్కన పెట్టి చెక్కల దొంతి మీద కూర్చుని, అడగకుండానే, మౌనాచారి గారి ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. నేను మార్కెట్లో ఒక పూట సెలవు పెట్టి వచ్చాను. ఎందుకు వచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఆ మాట ఏమై వస్తుందో వినకుండా కాటా ముందు కూర్చోలేకపోయాను, అంతే.

మౌనాచారి గారు ఎప్పటిలాగే పని చేసుకున్నారు. ఉరుకుందు ఒక తలుపు రెక్కను కోయడానికి తీసుకుని, సగంలో ఆపి, ఆయన దగ్గరికి వచ్చి నిలబడి, ఆయన తల ఎత్తకపోతే మళ్లీ వెళ్లి కోసేవాడు. పన్నెండు దాటగానే కరెంటు పోయింది. చక్రం మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. అలవాటు ప్రకారం పిడి ఎవరూ ఎత్తలేదు. పనివాళ్లు టీకొట్టుకు నడిచారు. "మీరూ పొండప్పా, నేను తర్వాత వస్తా" అన్నారు మౌనాచారి గారు మాతో. బసవరాజూ, ఉరుకుందూ, నేనూ రోడ్డు దాటాం.

టీ తాగుతున్నామన్న మాటే గానీ ఉరుకుందు గ్లాసు పెదవి దాకా పోలేదు. బసవరాజు గడియారం చూశాడు. అది చూసి ఉరుకుందు లేచాడు. "ఇంగ నా వల్ల కాదు బావా. స్వామిని ఇప్పుడే అడిగేస్తా. కోపం ఉందంటే ఉందని, లేదంటే లేదని" అని రోడ్డు దాటాడు. మేమిద్దరం వెనకే పరుగులాంటి నడక నడిచాం.

కార్ఖానా గుమ్మంలోనే ఉరుకుందు బిగుసుకుపోయాడు.

మౌనాచారి గారు రంపం బల్ల ముందు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు. ఎడమ చేత్తో చక్రాన్ని పట్టుకుని, కుడి చేత్తో కిరసనాయిలు గుడ్డ పెట్టి ఒక్కో పన్నుకూ పట్టిన టేకు జిగురు తుడుస్తున్నారు. పన్ను తుడవడం, చక్రాన్ని వేలితో కొంచెం తిప్పుకోవడం, ఇంకో పన్ను తుడవడం. తీరిగ్గా చిక్కుడుకాయ ఈనె తీసుకుంటున్న ముసలమ్మలా ఉన్నారు. బల్ల కాలి దగ్గర కొత్త స్విచ్చి పిడి కిందికి లాగినట్టే ఉంది.

"స్వామీ!" అన్నాడు ఉరుకుందు. "స్వామీ, చెయ్యి తియ్యండి. స్విచ్చి ఏసే ఉండాది."

"తెలుసు. కరెంటు లేదు గదప్పా."

"లేదు గానీ, ఎప్పుడొస్తాదో ఎవరికి తెలుసు?" అంటూ అతను స్విచ్చి వైపు అడుగు వేశాడు.

"దాని జోలికి పోవద్దు. ఆడే నిలబడు." ఆయన గొంతు పెంచలేదు, కానీ ఏడాదిగా ఆ మాటకు కట్టుబడటం నేర్చుకున్న కాళ్లు ఆగిపోయాయి. "నువ్వు అడిగినదానికి ఈరోజు జవాబు చెప్తామని అనుకుంటాండా. ఈ చక్రాన్ని చూడు. ఎంత నెమ్మదిగా ఉండాదో. పిల్లోడు వచ్చి చెయ్యి పెట్టినా ఏమనదు."

"నెమ్మదా! కరెంటు లేక ఊరికే ఉంది స్వామీ అది. నెమ్మదీ కాదు, ఏమీ కాదు. తియ్యండి స్వామీ, మీ కాళ్లు మొక్కుతా."

"శానా సేపటినుంచి కదల్లేదు గదా."

"ఎంతసేపు కదలకపోతే ఏం? ఏడాది కదలకపోతే మాత్రం ఏం? పిడి ఏసి ఉన్నంతకాలం..." ఉరుకుందు మాట సగంలో తెగింది. ఆ సగం మాట అతను విన్నాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం విన్నాను. వినీ దాని గురించి ఆలోచించే తీరిక లేదు, నా కళ్లు ఆ వేళ్ల మీదే ఉన్నాయి.

మౌనాచారి గారు ఇంకో పన్ను తుడిచారు.

అప్పుడు నెత్తి మీద బల్బు వెలిగింది.

పై ప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. వీధిలో ఎక్కడో మోటారు హూమంది, టీకొట్టులో రేడియో పాట మధ్యలోంచి అందుకుంది. ఉరుకుందు ఒక్క కేక పెట్టి ఎగిరి దూకాడు. ముసలాయన నడుము రెండు చేతులా పట్టి పీటతో సహా వెనక్కి లాగాడు. ఇద్దరూ పొట్టులో పడ్డారు. ఆయన తలగుడ్డ ఊడి దొర్లింది. నేను కళ్లు మూసుకున్నట్టున్నాను. తెరిచేసరికి బల్బు వెలుగుతూనే ఉంది, రేడియో పాడుతూనే ఉంది. రంపం చక్రం మాత్రం కదల్లేదు. కిరసనాయిలు గుడ్డ దాని పళ్లకు చిక్కుకుని వేలాడుతోంది.

ఉరుకుందు మోకాళ్ల మీద లేచి ముందు ఆయన వేళ్లు తడిమి చూశాడు. అన్నీ ఉన్నాయి. తర్వాత చక్రం వైపు, పిడి వైపు మార్చి మార్చి చూశాడు. పిడి వేసే ఉంది, కరెంటు వచ్చే ఉంది. ఏమీ అర్థం కాలేదు. మౌనాచారి గారు పొట్టులో కూర్చునే చొక్కా జేబులోంచి ఒక తెల్లటి పింగాణీ ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించారు. రంపం లైనుకు ఉన్న ఫ్యూజు. నేను గోడ మీద బోర్డు వంక చూశాను. లైట్ల ఫ్యూజు దాని జాగాలో ఉంది, పక్కది బోసిగా ఉంది. మేం టీకొట్టుకు పోగానే ఆయన దాన్ని పీకేసి ఉంటారు.

ఉరుకుందు దాన్ని చూశాడు. అతని మెడ నరాలు పైకి లేవడం నేను చూశాను. "ఆటాడిస్తాండావా?" అన్నాడు. ఆ వీధి ఎన్నడూ వినని గొంతు అది. మీరు అనే మనిషి నువ్వు అన్నాడు. "నా గుండె ఆగిపోయింటే? నీకు బుద్ధుందా ముసిలోడా! పూటపూటకూ కుక్కలాగ నీ ఎంటబడి తిరిగితే, ఇదా నువ్వు చేసేది?" లేస్తూనే చేతికందిన కొయ్య సుత్తిని తీసుకుని విసిరేశాడు. ఎవరిని చూసి విసిరాడో అతనికే తెలియదు. అది బసవరాజు చెవి పక్కగా పోయి చెక్కల దొంతికి తగిలి కింద పడింది. దొంతి మీద నించి గాజుల సంచి జారింది. లోపల గలగలమని పగిలిన చప్పుడు అందరం విన్నాం.

ఉరుకుందు తన కుడి చేతిని, అది తనది కానట్టు, ఎత్తి చూసుకున్నాడు. ఉన్నచోటనే కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకూ ఏడుపు వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. బసవరాజు వంగి సంచి తీసుకున్నాడు, విప్పి చూడలేదు. గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి మౌనాచారి గారి వైపు చూశాడు. మూడున్నర బస్సుకు ఇంకా వేళ ఉంది.

మౌనాచారి గారు లేవలేదు. పొట్టులోనే జరుగుతూ వచ్చి ఉరుకుందు పక్కన కూర్చున్నారు. మోచేయి గీసుకుపోయి నెత్తురు కారుతోంది, దాన్ని పట్టించుకోలేదు. ఉరుకుందు తల మీద చెయ్యి వేసి, ఆ ఫ్యూజును అతని మోకాలి దగ్గర నేల మీద పెట్టారు.

"పెట్టింది నా చెయ్యి గదప్పా, అందుకని ముందే దీన్ని పీకి జేబులో ఏసుకొన్యా" అన్నారు. "రేపు నీ ఇంట్లో చెయ్యి పెట్టేది నాగవేణి. ఆ పిల్లకు ఏమిచ్చి పంపమంటావు?"